రేవులోనే మేత

నాంచారమ్మ మొగుడు పోయి పన్నెండేళ్లు. పిల్లల్లేరు. కొల్లేటి పక్కన సూరపరాజుగారి నీలకంఠ రొయ్యల చెరువుకి మేత వెయ్యడం ఆమె పని. ఆ గట్టుమీది పాకే ఆమె ఇల్లు. పని పోతే పాకా పోతుంది. నేను వారానికి రెండుసార్లు నత్తలు ఏరి పట్టుకెళ్లేదాన్ని. ఆ గట్టెక్కే మనిషిని నేనొక్కదాన్నే.

నత్తల్ని బండమీద చితక్కొట్టి, గుల్లలు ఏరేసి, తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ముద్దలు చేసేది. ఈ నీలం చేతుల రొయ్య పగలంతా అడుగున నక్కి, పొద్దువాలాక మేతకి కదులుతుంది. అప్పుడు గట్టు చుట్టూ తిరిగి వెయ్యాలి. ఈమె మాత్రం పాక ముందు రేవులో కూర్చుని మొత్తం అక్కడే వేసేది.

“కాళ్లనొప్పులని చెప్పకు వదినా. నిన్న సంతకి పరిగెత్తావుగా!” అన్నాను.

“ఇక్కడేస్తే వస్తాయే. చూడు, ఆ నీలం చేతులోడు ముద్ద ఎలా లాక్కుంటున్నాడో! ఆ మూలనేస్తే నాకెవరు కనపడతారు?”

“రొయ్యలతో కాపరం పెట్టావన్నమాట.”

“అవి నీలాగా ఎత్తిపొడవవు” అంది.

నెల తిరిగాక రాజుగారొచ్చి వల విసిరించారు. రేవులో జానెడేసి రొయ్యలు పడ్డాయి. అవతలి మూలన చిటికెనవేలంత పిల్లలు, సగం కొరికేసిన రొయ్య గుల్లలు.

“ఏవమ్మా, ఇవి రొయ్యలా, మిడతలా?”

“అక్కడ నీళ్లు మంచివి కావండీ.”

“నీళ్లకేం రోగం? మేతంతా రేవులో పోస్తే పెద్దవి చోటు పట్టుక్కూర్చున్నాయి. చిన్నవి పస్తు. గుల్ల విడిచి మెత్తబడ్డవాటిని మిగతావి ఆకలికి పీక్కుతిన్నాయి. రేపట్నుంచి చుట్టూ తిరుగుతావా, ఇంకొకళ్లని పెట్టుకోనా?”

నాంచారమ్మ పాక వైపు చూసింది.

“తిరుగుతానండీ.”

తిరిగింది. గంప చంకనెత్తుకుని రోజూ గట్టు పొడవునా తిరిగింది. పాక నిలబడింది. రొయ్యలు చెరువంతా సర్దుకున్నాయి. రేవులోకి గుంపుగా రావడం మానేశాయి.

మొన్న ఉత్తి చేతులతో వెళ్లాను. రేవు బండమీద ఒక్కతే కూర్చుని ఉంది.

“నత్తలు ఉన్నాయిగా, ఎందుకొచ్చావే?” అంది.

“రాకూడదా? ఇదేమన్నా మీ రాజుగారి కోటా?”

నాంచారమ్మ బండమీద కొంచెం పక్కకి జరిగింది.