మా నాన్న తోలిన కారుకి పెద్ద టైర్లు

మా చిన్నప్పుడు... మిగతా పిల్లలు కారు ఎక్కించమని ఏడిస్తే, నేను మా నాన్న తోలే కారుని వెనక నుంచి తోసేవాణ్ణి. బడి చొక్కా నిండా బురద. నాతో పాటు ఇంకొందరు పిల్లలు, ఇద్దరు చేపల కూలీలు. ముందు సీట్లో తెల్ల పంచె నలగకుండా కూర్చుని "గట్టిగా తొయ్యండ్రా, అన్నం తింటల్లేదా?" అని అరిచే చేపల చెరువుల ఆసామి.

మాది కైకలూరు అవతల కొల్లేటి లంక ఊరు. ఊరి మొత్తానికి కారు ఒక్కటే, ఆ ఆసామిది. తోలేది మా నాన్న ఏసుబాబు. అంతకుముందు ఆయన అదే ఆసామి చెరువుల్లో వలలు లాగేవాడు. ఎప్పుడూ నీళ్లలో నిలబడి కాలి వేళ్ల సందులు పుళ్లు పడిపోయేవి... సాయంత్రం అమ్మ కుంపటి మీద వేపనూనె కాచి రాస్తుంటే పళ్లు బిగబట్టేవాడు. డ్రైవరు పని దొరికాకే ఆ పుళ్లు మానాయి. మా ఇంట్లో ఆ కారంటే ఇంకేం కాదు... నాన్న కాళ్లు పొడిగా ఉండటం.

చెరువు గట్టు నుంచి తారు రోడ్డెక్కాలంటే నిటారుగా ఒక ర్యాంపు ఉండేది. నాన్న రెండో గేరులో, పక్కనున్నవాడి చేతిలో టీ ఒలక్కుండా ఎక్కించేవాడు.

ఒకసారి ఆసామి ఏలూరులో పెళ్లికెళ్లి ఎవరిదో కారు చూసొచ్చాడు. ఇంత లావు, ఇంత ఎత్తు టైర్లు... వారం తిరక్కుండా అలాంటివే నాలుగు తెచ్చి తన కారుకి బిగించాడు.

"కొంచెం పెద్దవైపోయాయేమోనండి... పికప్పు పడిపోద్దేమోనండి," అన్నాడు నాన్న, తల గోక్కుంటూ.

"ఓరి ఎర్రోడా! చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోద్దా, పోదా? మరి స్పీడు పెరుగుద్దా, తగ్గుద్దా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా "అవునండి, అవునండి" అన్నారు. ఎవడికీ ఏమీ తెలీదు. ఆసామి అన్నాడు కాబట్టి అవును.

మర్నాడే ర్యాంపు మధ్యలో బండి ఆగిపోయింది. మొదటి గేరేసినా మూలిగిందే తప్ప కదల్లేదు. క్లచ్చు మాడిన కంపు... అప్పట్నుంచీ రోజూ మేం తొయ్యడమే. ఏలూరు రోడ్డు మీద లారీని దాటబోతే బండి అందుకోదు. నాన్న మళ్లీ లారీ వెనక్కే తగ్గేవాడు. కార్లో చుట్టాల ముందు ఆసామికి తలకొట్టేసినట్టయ్యేది.

"ఎడ్లబండి తోలుకునేవాడివి, కారెందుకెక్కావురా ఏసుబాబూ?"

"ఇంకోసారి చూస్తానండి..."

ఆ నెల్లోనే తాళాలు లాగేసుకున్నాడు. నాన్న మళ్లీ చెరువులోకి దిగాడు.

ఆసామి బావమరిది కొడుకు కొత్త డ్రైవరు. వాడికీ బండి ర్యాంపు ఎక్కలేదు! పైగా మలుపు తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకి రాసుకుని ఒకటే అరుపు. కైకలూరు మెకానిక్కు చీవాట్లు పెట్టి, మళ్లీ పాత సైజువే బిగించి పంపాడు. పెద్ద టైర్లు తెచ్చి రేవులో గుంజలకి కట్టారు, పడవలు దెబ్బతినకుండా.

అంతే. కారు ర్యాంపు ఎక్కేసింది. ఎవరూ తొయ్యలేదు.

టీ కొట్టు దగ్గర ఆసామి మీసం దువ్వుకున్నాడు. "చూశారా? తోలేవాడు మారితే బండే మారిపోద్ది!"

"అవునండి, అవునండి."

రేవులో ఆ టైర్లు అందరి కళ్లకీ కనబడుతూనే ఉన్నాయి. ఒక్క వెధవా నోరు విప్పలేదు.

ఇంటికెళ్లి అడిగాను. "టైర్లు మార్చారు కదా నాన్నా, నువ్వు చెప్పవేంటి?"

"చెప్తే ఏమొద్దిరా? చెరువు పని కూడా తీసేత్తాడు..."

కాళ్లు చాపుకుని అమ్మ నూనె తెచ్చేదాకా అలా చూస్తూ కూర్చున్నాడు.

ఇందులో పెద్ద చదువేం లేదండి. ఏడో తరగతిలో అద్దె సైకిళ్లు తొక్కి నేనే తెలుసుకున్నాను. చిన్న చక్రాల సైకిలు ఇట్టే అందుకుంటుంది. పెద్దది ఒక్క తొక్కుకి ఎక్కువ దూరం పోతుంది, నిజమే... కానీ ఆ ఒక్క తొక్కుకే తొడలు లాగేస్తాయి. కారూ అంతే. చక్రం పెద్దదైనంత మాత్రాన ఇంజను పెద్దదవదు. బయల్దేరడానికే బలం చాలదు, ఇక టాప్ స్పీడుకి గాలిని తోసుకుంటూ పోయే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా మీటరు కూడా బండి పోయే స్పీడు కంటే తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో టైర్ల షాపులో పని చేస్తున్నాను. సైజు ఒకట్రెండు పెంచితే పర్లేదు గానీ, షాపుకొచ్చేవాళ్లకి కారుకి లారీ టైర్లంతవి కావాలి. "పికప్పు పోద్దండి" అని చెప్తాను. "నువ్వు బిగించవయ్యా, లుక్కు అదిరిపోవాలి," అంటారు. మొన్నొకాయన అలాగే బిగించుకెళ్లి, తిరిగొచ్చి ఏమన్నాడో తెలుసా? "టైర్లు బాగానే ఉన్నాయి, మా డ్రైవరుగాడికే చేతకావట్లేదు."

ఆ డ్రైవరు వెనకాలే నిలబడి నేల చూస్తున్నాడు. మా నాన్న వయసే.

నేను నోటికొచ్చింది అనేశాను. మా ఓనరు నన్ను లోపలికి లాగి, బయటికెళ్లి ఆయనకి సారీ చెప్పుకున్నాడు. ఛీ...

అప్పట్లో ఊరికి కారు ఒక్కటే, అలాంటి మనిషీ ఒక్కడే. ఇప్పుడు వీధి వీధికీ కార్లు... అలాంటి మనుషులూ అంతే. మా నాన్న ఇంకా చెరువు పనికే వెళ్తున్నాడు. ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ "కారు ఎక్కించలేని ఏసుబాబు" అనే అంటారు.

మీ ఇంట్లోనూ ఎవరి మీదైనా ఇలా, వాళ్లది కాని చేతగానితనం రుద్దేసి ఉంటే కింద రాయండి... కనీసం ఇక్కడైనా, వాళ్ల తప్పు కాదని నలుగురం అనుకుందాం.