తేనె కేసులో కుక్క సాక్ష్యం

తుపాను వచ్చేముందు రేవులో జెండా ఎగరేస్తారు. ఇరవై మూడేళ్ల వయసులో నేను విలేకరిగా నెల్లూరు వచ్చినప్పుడు ఎవరూ ఏ జెండా ఎగరేయలేదు. ఎగరేసి ఉండవలసింది. ఒక నిండు మనిషి బతుకును పది పంక్తుల్లో ఎలా ముంచానో చెబుతాను. మధ్యమధ్య మీకు నవ్వొస్తుంది, నవ్వండి. నాకూ వస్తుంది. తరవాత అన్నం సయించదు.

అరవైల మొదటి రోజులు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా వడ్ల ధరలూ పశువుల సంతా తప్ప నా వార్త ఒక్కటీ అచ్చుకు నోచుకోలేదు. వార్త కోసం నేను సంతానం లేనివాడు పుట్టకు మొక్కినట్టు ఎదురుచూస్తున్న కాలం అది.

మైపాడు దారిలో తోపుల వెంట తేనె కొట్టే పోలయ్య, నెలకు రెండుసార్లు కుండ భుజాన పెట్టుకుని మా వీధికి వచ్చేవాడు. కుండలో సగానికి పైగా ఒక ఆయుర్వేద వైద్యుడు తీసుకునేవారు. బదులుగా పోలయ్య భార్య మంగమ్మ ఉబ్బసానికి మందిచ్చేవారు. ఆ మందు ఆగితే ఆమెకు ఊపిరాడదని పోలయ్యే నాతో చెప్పాడు. తెలియక రాశానని రేపు నేను ఎక్కడైనా అంటే నమ్మకండి.

మార్గశిరం చలికి మా ఇంటి యజమానురాలు కాంతమ్మగారి సీసాలో పోలయ్య పోసిన తేనె అడుగున పంచదారలా పేరుకుంది. "పాకం పోసినాడు నాయనా" అన్నారామె. నాలోని విలేకరి ఉలిక్కిపడి లేచాడు.

మరుసటిసారి పోలయ్య రాగానే వీధి అరుగు మీద పరీక్ష పెట్టాను. చుక్క నీళ్లలో వేస్తే చెదరకుండా అడుక్కి దిగింది. వత్తి ముంచి అంటిస్తే దీపంలా వెలిగింది. రెండు పరీక్షలూ పోలయ్య పక్షమే. చేతికి అందిన వార్త జారిపోతోంది. అప్పుడు మూడోది గుర్తొచ్చింది. మంచి తేనె కుక్క ముట్టదని పెద్దలమాట.

కాంతమ్మగారి కుక్క టైగర్‌ను పిలిపించాను. అది తేనె నాకింది, పళ్లెం నాకింది, పళ్లెం పట్టుకున్న నా చెయ్యి నాకింది, చివరికి సీసా వంక ఆశగా చూసింది.

"చూశారా" అన్నాను, పోగైన జనంతో.

"నాకదా సామీ? తీపి గదా" అన్నాడు పోలయ్య. "చలికి పేరుకునింది. కొన్ని పూల తేనె అంతే. ఎండలో పెట్టండి, కరిగిపోతాది."

"పాకం కూడా కరుగుతుంది."

పోలయ్య చదువురాని వాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఈగ పువ్వులోనించి తెచ్చేది నీళ్ల మాదిరి ఉంటాది. పట్టులో ఒకదాని నోట్లోనించి ఇంకోదాని నోట్లోకి మార్చుకుంటాయి. గదిలో పోసి, నీళ్లు ఆరిపోయిందాకా రెక్కలతో విసరతానే ఉంటాయి. ఆనక మైనంతో మూత. అంత కష్టం మీద నేను పాకం బోస్తే ఈగలు నన్ను ఊరకుంటాయా?"

"ఈగలు ఊరుకోవచ్చు. పత్రిక ఊరుకోదు."

ఈ మాట అన్నందుకు వీధిలో ఇద్దరు మెచ్చుకోలుగా తలాడించారు. ఆ ఇద్దరి తలలు నాకిప్పటికీ కలలోకి వస్తాయి.

'నెల్లూరులో కల్తీ తేనె' అచ్చయింది, పోలయ్య పేరుతో సహా. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా వృత్తిలో పొగ ముందు వస్తుంది, నిప్పు తరవాత వెతుక్కుంటాం. వైద్యుడు పోలయ్యకు తలుపు తీయలేదు. తేనె వద్దన్నారు కనుక మందూ లేదు.

నాలుగో రోజున పోలయ్య, కాంతమ్మగారి దగ్గర అడిగి తీసుకున్న ఆ సీసాతో మా ఆఫీసుకు వచ్చి, కిటికీలో ఎండకు పెట్టి, కింద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పేరుకున్నదంతా కరిగి బంగారంలా నిలిచింది. మా ఎడిటరుగారు సీసా చూశారు, నన్ను చూశారు.

"వైద్యుణ్ణి అడిగావా?"

"లేదండి."

"మరెవర్ని అడిగావు?"

"కుక్కనండి."

"ఆ కుక్క ఇంకేం తింటుందో కనుక్కో."

కనుక్కున్నాను. "అది తిననిదేముంది నాయనా" అన్నారు కాంతమ్మగారు. "పోయినవారం నీ చెప్పు. మొన్న ఆముదం. నిన్న గోడమీద కాయితాలంటించే మైదా జిగురు."

వారం తరవాత పశువుల సంత కింద నాలుగు పంక్తుల సవరణ పడింది. పోలయ్యకు చదివి వినిపించాను. అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేళ్లతో కొలిచాడు. "చెడ్డమాట జానెడు ఏసినారు. మంచిమాట గోరంత. పోనీలే సామీ, ఇదన్నా ఇయ్యండి."

ఆ ముక్క కుండ మెడకు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. సవరణ మొదటి పంక్తి ఇది: 'పోలయ్య అమ్మే తేనెలో బెల్లపు పాకం కలుస్తున్నదని'. కాదన్న మాట నాలుగో పంక్తిలో ఉంది. మొదటి పంక్తి అయ్యేసరికే తలుపులు పడేవి. నా వార్త తెలియని వీధులకు కూడా పోలయ్య దాన్ని తన భుజాన మోసుకెళ్లాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. రెండుసార్లూ రోకలి నాదే.

మూడు వారాలకు ఈ సంగతి నా చెవిన పడి వైద్యుడి దగ్గరికి పరుగెత్తాను. "నిజమేలే అబ్బాయ్. నా మందు కొనేవాళ్లు నీ సవరణ చదవలేదు గదా" అన్నారు. నేనే మందు కొని మైపాడు దారిలో పోలయ్య ఊరు ఇందుకూరుపేట చేరి, ఇల్లు వెతికి పట్టుకున్నాను. మంగమ్మ పోయి అప్పటికి తొమ్మిది దినాలు.

"మందు తిన్నా పోయేదేమోలే సామీ" అన్నాడు పోలయ్య. నన్ను ఓదార్చాడు. నాకు పడిన శిక్షల్లో అంతకన్నా పెద్దది లేదు. లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "దానికని దాచింది. ఇంక ఇంట్లో తినేవాళ్లు లేరు. యాడ పెట్టినా చెడిపోదు." తరవాత అతను తేనె జోలికి పోలేదు. మైపాడులో వలలు లాగే కూలికి పోయాడు.

ఆ సీసా నా బీరువాలో ఉంది. ప్రతి చలికాలం పేరుకుంటుంది, ప్రతి ఎండాకాలం కరుగుతుంది. ఆ వ్యవహారం మొత్తంలో చెడిపోకుండా మిగిలింది అదొక్కటే. నిరుడు మార్గశిరంలో పక్కింటావిడ దగ్గుకు తేనె కావాలని వచ్చి, సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"పేరుకునిందే అన్నా. పాకమేమో. మా కుక్కకి పెట్టి చూద్దామా?"

అందుచేత ఆ సీసా మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మనిషి పరువు తేల్చవలసి వస్తే ఇక ఏ కుక్కనూ సాక్షిగా పిలవను. గత్యంతరం లేక పిలిస్తే, నిన్న ఏం తిన్నావని ముందు దాన్ని అడుగుతాను.