బింగో మైకు

తోర్గీర్ దృష్టిలో ఊళ్ళో ఎవరి చెవీ చెవి కాదు, తనది తప్ప. జింకు కొలిమి దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసి మానేశాక, కార్మిక భవనం నేలమాళిగలో గోడలకి గుడ్ల అట్టలు అంటించి రికార్డింగ్ గది పెట్టాడు. పదిహేనేళ్ళుగా చర్చి పాటలూ, స్కూలు బ్యాండు క్రిస్మస్ రికార్డులూ అన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళాయి. ఫియోర్డు అనే సముద్రపు పాయ చివర ఉన్న మా ఊరికి అంతకన్నా గతి కూడా లేదు.

తొంభై రెండులో బ్యాండుకి డెబ్బై ఐదేళ్ళు నిండాయి. ఆ పండగ రికార్డుని, కొత్తగా వచ్చిన బ్యాండు మాస్టారి మాట విని, బెర్గెన్ నగరంలో స్టూడియో వాళ్ళకి ఇచ్చేశారు. కారణమేమిటని తోర్గీర్ అడిగితే బ్యాండు పెద్దలు కాఫీ పోసి, వాఫుల్ పెట్టి, ఏదో నసిగి పంపారు. తన చెవిని కాదనడానికి వీళ్ళెవరని అతనికి ఒళ్ళు మండిపోయింది. తప్పెక్కడో తేలేదాకా నిద్ర పట్టేలా లేదు.

ఆ మంట చల్లారకముందే దిగారు ముగ్గురు కుర్రాళ్ళు. బ్లాక్ మెటల్ అట, సైతాను పేర కేకలు పెట్టే రాక్ సంగీతం. మొహాలకి సున్నం, చేతులకి మేకులు గుచ్చిన తోలు పట్టీలు. పాడేవాడు తనని శవరాజు అనమన్నాడు. పళ్ళ డాక్టరు కొడుకు వేగార్ అని ఊరందరికీ తెలుసు. శవరాజు సంచీలో వాళ్ళమ్మ నూనె కాగితంలో చుట్టిచ్చిన రొట్టె, గోధుమరంగు చీజు ఉన్నాయి. సైతానుని పిలిచే ముందు బుద్ధిగా బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టాడు.

తోర్గీర్ మంచి మైకు తీస్తే వద్దన్నారు. ఇంకా పాతది తీస్తే అదీ వద్దన్నారు. అతనికి చిర్రెత్తుకొచ్చి మేడ మీద హాల్లోకి వెళ్ళి, గురువారాలు బింగో ఆటకి అంకెలు చదివే మైకు పట్టుకొచ్చాడు. దాని జల్లెడ సొట్టపోయింది, లోపల ఎన్నేళ్ళ ఉమ్మో. వేగార్ అందులో ఒక్క కేక పెట్టి, కళ్ళు మెరిసిపోతుంటే, ఇదే కావాలన్నాడు.

నాలుగు పాటలూ ఒక్క విడతలో అయిపోయాయి. వాటిని పాటలనడం మా చర్చి గంటకి అవమానం. మూడో దానిలో గిటారువాడు తప్పాడు. మళ్ళీ వాయించమంటే, తప్పే బాగుంది ఉంచమన్నారు. ఈ చెత్త మీద తన పేరు వేస్తే ఊరుకోనని తోర్గీర్ తెగేసి చెప్పాడు. పిల్లల మొహాలు చిన్నబోయాయి.

“ఇంట్లో టేప్‌రికార్డరు పెట్టుకున్నా ఈ మాత్రం వస్తుంది కదరా. నా దగ్గరికెందుకు చచ్చారు?” అన్నాడు.

వేగార్ గౌరవంగానే చెప్పాడు. “మీ క్రిస్మస్ రికార్డు అరిగేదాకా విన్నాం, పెద్దాయనా. బూరాల వెనకాల బుస ఉంటుంది చూడండి, మంచు తుఫానులాగ, అది కావాలి మాకు. బెర్గెన్‌లో అడిగాం, ఓస్లోలో అడిగాం. అంత ఘోరంగా తీయడం మావల్ల కాదన్నారు.”

వెటకారమనుకుని తోర్గీర్ నవ్వాడు. ముగ్గురిలో ఒక్కడూ నవ్వలేదు.

ఇంటికెళ్ళి కోటు కూడా విప్పకుండా క్రిస్మస్ రికార్డు పెట్టాడు. స్పీకరుకి చెవి ఆనించి విన్నాడు. బూరాలున్నాయి, డప్పుంది, ఇంకేమీ లేదు.

“ఇందులో బుస ఏమైనా ఉందా?” అని భార్య సోల్‌వేయ్‌ని అడిగాడు.

ఆమె అల్లుతున్న వరస పూర్తి చేసింది. “మొదటి రికార్డు నుంచీ ఉంది.”

“మరి ఎవరూ అనలేదేం?”

“మగాళ్ళకి వినబడితే కదా. బ్యాండు పెద్దలంతా నీలాగే కొలిమి మోతకి చెవులు పోగొట్టుకున్నవాళ్ళే. వినబడేది మాకూ పిల్లలకీను. నువ్వంత మురిసిపోతుంటే ఎవరికి నోరొస్తుంది?”

కొత్త మాస్టారు కొలిమి మొహం చూడనివాడని అప్పుడు తోర్గీర్‌కి గుర్తొచ్చింది. సిగ్గుతో ఆ రోజు భోజనానికి లేవలేదు.

మర్నాడు కుర్రాళ్ళు టేపు కోసం వచ్చారు. తోర్గీర్ టేపు పెట్టె మీద తన పేరు తనే రాసి ఇచ్చాడు. తర్వాతి టేపు కూడా అచ్చం ఇలాగే రావాలని వేగార్ బతిమాలాడు.

“వస్తుందిలే. ఇంకోలా తీయడం నాకు రాదు,” అన్నాడు తోర్గీర్.