జనరేటర్ దాచిన మధ్యాహ్నం

నిన్న మధ్యాహ్నం అబూధాబీ నుంచి ఫోను వచ్చింది. నేనూ మా ఆయనా ఒకప్పుడు పనిచేసిన, అక్కడి బనియాస్ పేటలోని ఇంట్లో ఇప్పటికీ వంట చేస్తున్న కోనసీమ పిల్ల. పిల్ల అంటున్నానుగానీ ఈ మధ్యే కూతురి పెళ్లి కూడా చేసింది. చలికాలం అయిపోయి, ఎడారిలో వేసిన డేరాలు విప్పేశారట. వాటికి కరెంటు ఇచ్చే జనరేటర్ని కొత్త డ్రైవరు పెట్రోలుతో సహా గోడవారన పడేస్తున్నాడట. కిందటేడు అలా వదిలేస్తే మళ్లీ చలికాలానికి ఎంత తాడు లాగినా అది పలకలేదట. "అన్నయ్యగారిని అడిగి కాస్త చెప్పండి వదినా" అంది. ఆ అన్నయ్యగారు, అంటే మా ఆయన, భోంచేసి పడుకున్నారు. లేపొచ్చు, లేపలేదు. నాకూ వచ్చు ఆ పని, మొదట్నుంచి చివరిదాకా నేనే చెప్పాను.

ఆ ఇంట్లో ఆయన డ్రైవరు, నేను ఇంటిపని. రెండువేల ఐదో ఆరో అనుకుంటాను. మా ఊరివాళ్లకి గల్ఫంతా దుబాయే, మొగుడూ పెళ్లాలకి దుబాయ్‌లో ఒకే ఇంట్లో పని దొరికిందని కుళ్లుకోనివాళ్లు లేరు. వాళ్లకేం తెలుసు? ఆయన గది గేటు పక్కన, నాది వంటింటి వెనక. మేము మామా అని పిలిచే ఇంటావిడ మంచిదే, కానీ మగవాళ్ల గదుల వైపు ఆడవాళ్లు వెళ్లడం ఆ ఇంట్లో లేదు. రోజంతా ఎదురుపడుతూనే ఉండేవాళ్లం, ఆయన చేతిలో కూరల సంచీ, నా చేతిలో చీపురూ. ఉల్లిపాయలు తెచ్చారా అని నేను, తెచ్చాను అని ఆయన, అంతవరకే మా సంసారం. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం మాత్రం మాది. ఎండలు ముదరకముందు జనరేటర్ని దాచేటప్పుడు గరాటు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. మొదటేడు మామా నన్ను పంపింది. ఆ తర్వాత అది నా హక్కనుకున్నాను.

ప్రహరీ వెనక నీడలో, వంటగ్యాసుకి దూరంగా దాన్ని పెట్టి ముందు బాగా చల్లారనిచ్చేవారు. ఆ చల్లారేలోపు ఊరి కబుర్లన్నీ అయ్యేవి. తర్వాత ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి వంచడం, మిగిలిన చుక్కలు కూడా కాలిపోయేలా ఒకసారి నడిపి, అదే దగ్గి దగ్గి ఆగిపోయేదాకా చూడటం, నల్లటి ఆయిలు తీసి కొత్తది పొయ్యడం. ఫిల్టరు దులిపితే ఎడారి సగం నా ఒళ్లో పడేది. చివరికి ప్లగ్గు ఊడదీసి, ఆ కన్నంలో కాస్త ఆయిలు పోసి, తాడు మెల్లగా లాగేవారు, లోపలంతా పట్టాలని. గంటలో అయ్యే పనిని ఆయన సాయంత్రపు అసర్ నమాజు పిలుపు దాకా సాగదీసేవారు. కావాలనే సాగదీస్తున్నారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

మూడో ఏడు ఈ పిల్ల వంటకి కుదిరింది. రాగానే నన్ను అక్కా అంది. మా ఇంట్లో నేనే ఆఖరిదాన్ని, నన్ను అక్కా అన్నవాళ్లు పుట్టలేదు. పొంగిపోయి నా దుప్పట్లలో మంచిదొకటి ఇచ్చేశాను. మర్నాడు ఆయన్ని బావగారండీ అంది. నేను అక్కనైతే ఆయన బావే, తప్పు పట్టడానికి లేదు. అయినా ఆ మాట చెవిలో పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయనేమో ఆ పిలుపుకి మీసం సవరించుకునేవారు.

ఆ ఏడు సరిగ్గా జనరేటర్ దాచే రోజునే మామా అక్కచెల్లెళ్లు వచ్చారు. వాళ్లకి కాఫీ అందించడానికి నన్ను ఆపి, గరాటు పట్టుకోవడానికి ఆ పిల్లని పంపారు. వంటింటి కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. నేను కూర్చునే ఇటుక మీద కూర్చుంది. ఆయన ఏదో చెబుతున్నారు, అది నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు చెప్పాల్సిన కబుర్లు దానికి పోస్తున్నారు, అదీ ఏడాదికి సరిపడా. ఖర్జూరాల పళ్లెం అతిథుల ముందు పెట్టి, మామాతో ఖలాస్, నా పని అయిపోయింది అని చెప్పి వెనక్కి నడిచాను.

అప్పుడే ప్లగ్గు తీశారు. గరాటు దాని చేతిలోంచి లాక్కున్నాను. "ఇదిగో అమ్మాయ్, ఆయన్ని ఇకనించి అన్నయ్యా అను."

అది బిత్తరపోయింది. "అలాగైతే మీరు నాకు వదినైపోతారు కదండీ."

"అవుతాను."

అది కళ్లు దించుకుని, "అలాగేనండి వదినా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన తాడు పట్టుకుని, "దానికెవరూ లేరే, అక్క దొరికిందని అదే పనిగా చెబుతోంది ఇందాకట్నుంచి. ఆ కబుర్లే" అన్నారు. తాడు లాగమన్నాను. ఆయన లాగారు, మెల్లగా, నమాజు పిలుపు వినిపించేదాకా.

ఆ తర్వాత మరి రెండేళ్లు ఆ మధ్యాహ్నం నాదే అయింది. అందుకు నేను నొచ్చుకున్నది లేదు, ఇప్పటికీ లేదు. కానీ నన్ను అక్కా అన్నవాళ్లు మళ్లీ లేరు. నిన్న ఫోను పెట్టేసే ముందు ఆ మాట నోటిదాకా వచ్చింది, అక్కా అని పిలవవే ఒకసారి అందామని. అంటే లోపల గురకపెడుతున్న ఈ మనిషి మళ్లీ బావగారైపోతారు. ప్లగ్గు మళ్లీ గట్టిగా బిగించమని మాత్రం చెప్పి పెట్టేశాను. ఇన్నేళ్లూ గడిచి మా ఇద్దరికీ మోకాళ్లు పట్టేశాయిగానీ, ఆ ఒక్క పిలుపు దగ్గర కాలం నన్నేమీ మెత్తబరచలేకపోయింది.