కోస్తా గాలికి ఆరని కోక

“ఒక్క కోకతో పోతాండావా అంత దూరం? మతి పోయిందా నీకు?”

“కట్టుకున్నదొకటి, పండుకునేదానికి పాతదొకటి. ఇంగెన్ని కావాలక్కా? పోతానే ఉతుకుతా, పొద్దునకు ఆరిపోతాది.”

“అది కోస్తా మే! ఆడ గాలి వేరే.”

“ఆడేమన్నా ఇంకో సూర్యుడున్నాడా?”

ఇలా ఆళ్లగడ్డలో మా ఇంటి నడవలో మా పెద్ద తోడికోడలికీ నాకూ వాదం. ఆమెను పెద్దక్క అని పిలిచేదాన్ని. ఆ రోజుల్లో మాకు చీరలు తక్కువ, పౌరుషం ఎక్కువ. నాకు ఇరవై ఏళ్ళు. నాలుగో తరగతి దాకా చదివాను. ఇంట్లో ఆడవాళ్ళెవరికీ ఆ మాత్రం చదువు కూడా లేదు కాబట్టి నేను చెప్పిందే శాస్త్రమని నా నమ్మకం. (ఇప్పుడు మనవరాలు ఫోనులో కోస్తా వాతావరణం చదువుతుంటే నేను అడిగేది ఒకటే: “గాలిలో తేమ ఎంతుందో చూడు మే.” మిగతాదంతా నాకు అనవసరం.)

ప్రయాణం ఎందుకంటే, మా మరిదికి బందరు దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో ఊరుకోక, తన వీధిలోనే ఒక పిల్లను చూసి మనసు పారేసుకున్నాడు. పిల్ల తరఫువాళ్ళు ఇష్టంగానే ఉన్నారు కానీ, “ఆ నీళ్ళు లేని దేశానికి పిల్లను పంపేది లేదు” అని వాళ్ళ మామ్మ అడ్డం తిరిగిందట. మా అత్త అప్పటికే లేదు. మామకు మోకాళ్ళ నొప్పులు. పెద్దక్కకు కళ్ళంలో ఎండుమిరపకాయల పని. “వదినా, నువ్వు, అన్న వచ్చి మాట్లాడాల. ఈ సంబంధం తప్పితే నేను పెండ్లే చేసుకోను” అని మరిది జాబు రాశాడు. అంటే, ఆ పిల్లాడి బతుకంతా నా చేతిలో పెట్టాడన్నమాట.

ఉగాది వెళ్ళిన నాలుగో నాడు. మామ రేడియో పెట్టాడు. కోస్తాలో వాన పడే సూచన లేదు, ఎండ గట్టిగా ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది అని చెప్పారు. “విన్నావా, తేమంట” అంది పెద్దక్క. “గాలిలో ఉంటే గాలిలోనే ఉండనీ. నా కోకకేంది?” అన్నాను. మా ఊళ్ళో చైత్రమాసంలో దండెం మీద చీర వేస్తే, రెండో కొస పరిచేలోగా మొదటి కొస గరగరలాడుతుంది. లోకమంతా ఇలాగే ఉంటుందనుకున్నాను.

నంద్యాలలో రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చున్నాను. “మూసెయ్, మసి పడతాది” అన్నాడు మా ఇంటాయన. ఊరికే వచ్చే గాలిని ఎవరైనా వద్దంటారా? బెజవాడలో దిగేసరికి నా తెల్ల నేతచీర పెనం తుడిచిన గుడ్డలా ఉంది. అక్కడినుంచి బస్సు పట్టుకుని, పొద్దుగూకే వేళకు మరిది గదికి చేరాం. చేరిన వెంటనే చీర ఉతికి ఆరేశాను.

“వదినా, ఈడ జాడీలో ఉప్పే నీళ్ళయిపోతాది. ఇంత మందం కోక ఆరదు. అంగట్లో ఒకటి తెస్తా” అన్నాడు మరిది.

“ఉన్న కోక ఉండంగా కొత్తదా? ఊరికే ఉండప్పా.”

పొద్దున్నే లేచి పట్టుకుని చూస్తే, ఆరేసినప్పటి బరువు అలాగే ఉంది. ఇంకో సేరు ఎక్కిందేమో కూడా! ఏడున్నరకు పిల్ల ఇంట్లో ఉండాలి. ఒంటిమీదున్న పాతదానికి నాలుగు అతుకులు. నేను మాత్రం తగ్గితేనా? చీర ఒక కొస మరిది చేతికి, ఒక కొస మా ఇంటాయన చేతికి ఇచ్చి వీధిలోకి తోశాను. “పరిగెత్తు నాయనా! మీ అన్నను గూడా పరిగెత్తమను! గాలి రాకుంటే మనమే గాలి కాడికి పోవాల!” అని గడపలోంచి అరిచాను. అన్నదమ్ములిద్దరూ నా చీరను గాలిలో లేపుకుని వీధి ఆ చివరికీ ఈ చివరికీ పరుగు. వెనక రెండు కుక్కలు. పాలాయన సైకిలు దిగి, చెప్పులు విప్పి, “ఏ దేవుడి ఊరేగింపండీ?” అని దండం పెట్టాడట. “మా వదినది” అన్నాడట మరిది, ఆగకుండానే.

చీర మాత్రం ఆరలేదు. తడిదే చుట్టుకుని వెళ్ళి, వాళ్ళింట్లో నున్నటి గచ్చు మీద, కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. కుచ్చిళ్ళలోంచి టప్, టప్ అని చుక్కలు. మా ఇంటాయన తలెత్తి దూలాలు లెక్కపెడుతున్నాడు. పిల్ల మామ్మ కళ్ళజోడు సవరించుకుని నా పాదాల దగ్గర మడుగును చూసింది.

“ఏవమ్మా, మీ దేశంలో నీళ్ళుండవన్నారు. మోసుకొచ్చారేంటి?”

“ఉండవని ఎవరు చెప్పినారవ్వా? మాకు నీళ్ళు దండిగా ఉండాయి. మీకే ఎండ లేదు!”

అనేశాక నాలుక కరుచుకున్నాను. మరిది మొహంలో నెత్తురు లేదు. అయిపోయింది, వాడి పెళ్ళి నా నోటితోనే చెడిందనుకున్నాను. అంతలో తలుపు వెనక ఎవరో ఆపుకోలేక పకపకా నవ్వారు. పిల్ల! నవ్వుతూనే బయటికొచ్చి, “లోపలికి రండక్కా” అని నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తన పసుపుపచ్చ చీర ఒకటి ఇచ్చి కట్టుకోమంది. పెళ్ళిచూపుల్లో పిల్లకు చీర పెట్టేవాళ్ళను చూశాను కానీ, పిల్ల చేత చీర పెట్టించుకున్నది నేనొక్కదాన్నేనేమో.

మళ్ళీ ముందుగదిలోకి రాగానే పిల్ల నేరుగా మా మరిదినే అడిగింది. “పొద్దున్న వీధిలో చీర పట్టుకుని పరిగెత్తింది మీరేనా?”

వాడు కాలి బొటనవేలుకేసి చూస్తూ తలూపాడు.

“వదినగారి చీర కోసం ఊరంతా చూస్తుండగా పరిగెత్తినాయన, నాకోసం రెండు బిందెల నీళ్ళు తేలేడా మామ్మా?”

దానికి మామ్మ కూడా నవ్వేసింది. తాంబూలాలకు రోజు చూసుకుందామన్నారు.

ఇరవై ఏళ్ళ ఆ మొండి పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పుడు నాకు ఎదురైతే రెండు మొట్టికాయలు వేసి, పెట్టెలో ఇంకో రెండు చీరలు పెట్టి పంపుతాను. తీసుకెళ్ళదని తెలుసు. అయినా దాన్ని తలుచుకుంటే నాకు కోపం రాదు.

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డలో దిగాం. తడి చీర మూట చంకలోనే ఉంది. గడప దగ్గరే పెద్దక్క, “ఆరిందా మే కోక?” అంది. నేను నేరుగా పోయి దాన్ని దండెం మీద పరిచాను. ఆమె మాకు చెంబుతో నీళ్ళు తెచ్చేలోగా ఎండిపోయింది.

“ఆరకేం? పట్టుకుని చూడు!”

పట్టుకుని చూసింది. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది.

“మరి నువ్వు కట్టుకున్నదెవరిది?”

“మన చిన్న తోడికోడలిది.”