గవ్వలంకలో ట్రాలీ పట్టాలు ఏట్లో నిలబడ్డాయి

గోదావరిలోని గవ్వలంకను తింటున్నది వరద కాదు, ఇసుక కాంట్రాక్టరు. ఒడ్డుకు ఆనించి మెషిన్లతో తోడుతుంటే నేల కిందినుంచి జారిపోతోంది. ఆ లంకలో ఒకప్పుడు రాయి మోసే ట్రాలీ రైలు ఉండేదని ఓ పాత కరపత్రంలో చదివాను. అదీ ఏట్లో కలవకముందే చూద్దామని నలుగురు మిత్రులను పిలిచాను. ఒకడికి మ్యాచ్, ఒకడికి నిద్ర, మిగతా ఇద్దరు ఫోనెత్తలేదు. ఒక్కడినే బయల్దేరాను.

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకు, బ్యారేజీ మీదుగా వెళ్ళే రావులపాలెం బస్సెక్కి బొబ్బర్లంకలో దిగాను. అక్కడినుంచి రేవుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. పడవలోనూ నేనొక్కడినే.

“రైలు చూడ్డానికాండీ?” పడవ నడిపే అబ్బులు నవ్వాడు. “లంకలో సైకిలుకే దారి లేదండి బాబూ.”

దారి ఉండేది. ఎగువ రేవులో దిగిన కొండరాయిని ఇనుప తొట్లకెత్తి, కోతపడే దిగువ గట్టు దాకా పట్టాల మీద పంపేవారు. ఇంజను లేదు. పట్టాల కింద మట్టికట్టను కాస్త ఏటవాలుగా పోశారు. నిండు తొట్టి తన బరువుకే దిగేది, ఖాళీదాన్ని మనుషులు వెనక్కి నెట్టుకొచ్చేవారు. మరపడవలు నేరుగా గట్టుకే రాయి చేర్చడంతో తొట్లు ఆగిపోయాయి. ఇప్పుడు కట్ట ఉంది, మీద గడ్డి ఉంది. పట్టాలు లేవు.

పాత ఇనుముకు అమ్ముకున్నారని మండిపడుతూ చివరిదాకా నడిచాను. అక్కడ ఏట్లో పట్టాలు నిలువుగా దిగ్గొట్టి ఉన్నాయి, వరసగా. వాటి వెనక ఒకే ఒక్క ఇల్లు. ముంగిట్లో నూకరత్నం అనే పెద్దావిడ చేపలు ఎండబెడుతోంది.

“పట్టాలెవరు పీకారండీ?” గట్టిగానే అడిగాను.

“మేమే. అరవకు బాబూ, నాకు చెవుడు లేదు. పడుకోబెట్టి ఏం లాభం? నిలబెడితే గట్టాగుద్దని మా ఆయనా, ఊళ్ళోవాళ్ళూ దిగ్గొట్టారు. ఆయన పోయాడు. ఆళ్ళంతా లంక ఖాళీచేసి కాలనీకెళ్ళిపోయారు. నేనూ, ఇయ్యీ మిగిలాం.”

ప్రతి పట్టాకూ ఎర్ర రంగు గుర్తుంది. ఇసుక పడవలకు అడ్డమట. ఆదివారం గ్యాస్ కట్టర్‌తో కోసేస్తామని కాంట్రాక్టరు మనుషులు చెప్పి వెళ్ళారట.

“మీరేం చేస్తారు?”

“గట్టుమీద కూర్చుంటాను. ఒక్కదాన్ని లేపడం ఆళ్ళకెంతసేపులే.”

తిరుగు పడవలో ఆ మాటే వినిపిస్తూ ఉంది. గట్టును కాపాడే రాయి మోయడానికి పరిచిన పట్టాలు, రాయి రావడం మానేశాక తామే గట్టును మోస్తున్నాయి. వాటిని కోస్తే ముందు ఆ ముంగిలి పోతుంది, తర్వాత ఇల్లు. కరపత్రంలో ఈ సంగతి లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: లంకలో కొట్టు లేదు, నీళ్ళూ తిండీ వెంట తీసుకెళ్ళండి; ఆఖరి పడవ సాయంత్రం ఐదుకు. ఈ ఆదివారం మాత్రం ఉదయం ఆరు గంటలకే బొబ్బర్లంక సెంటర్‌కు రండి. కట్టర్ వచ్చేసరికి ఆవిడ పక్కన మనం కూర్చుని ఉండాలి.