లమ్మడాలో ఐదో అంతస్తు తాడు

మా టెక్కలి వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ యాంగోన్‌ని రంగం అనే అంటారు. ఫలానావాళ్ళ ముత్తాత రంగం వెళ్ళాడనీ, ఫలానా ఇంటి వాసాలు రంగం టేకువనీ చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. అందుకే హైదరాబాదులో నేను భాషాశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నప్పుడు, నోటీసు బోర్డు మీద ‘ఒక సెమిస్టర్ విదేశంలో’ అన్న కాగితంలో యూరపు రాజధానుల పేర్లన్నీ అయ్యాక అట్టడుగున యాంగోన్ అని కనిపించేసరికి, పైనున్న ఊళ్ళేవీ నా కంటికి ఆనలేదు. స్నేహితులంతా వియన్నాకీ ప్రాగ్‌కీ దరఖాస్తులు పెట్టి ఇంటర్వ్యూలకి చెమటలు కక్కారు. యాంగోన్‌కి పెట్టింది నేనొక్కదాన్నే కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు. అక్కడి తెలుగు కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునే తెలుగుని రికార్డు చేసి తీసుకురావడం నా పని. ఆ పని నేనెంత గొప్పగా చెడగొట్టుకున్నానో చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందు దారి చెబుతాను. నేను హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళి, అక్కడ విమానం మారాను. కోల్‌కతా నుంచి సుమారు రెండు గంటలు. దిగాక గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. విమానాశ్రయం నుంచి నది ఒడ్డున ఉన్న లమ్మడా పేటకి టాక్సీవాడు నేను వెళ్ళినప్పుడు ఇరవై వేల చాట్లు అడిగాడు. చాట్ అంటే అక్కడి డబ్బు. ధరలు నెలనెలా మారిపోతుంటాయి కాబట్టి నా లెక్క పట్టుకుని డ్రైవరుతో గొడవకి దిగకండి. పధ్నాలుగు మైళ్ళు కూడా లేని ఆ దారికి గంటన్నర పట్టింది. లమ్మడా అంతా కింద టోకు కొట్లు, పైన వరసగా ఇళ్ళు. నేను అద్దెకి దిగిన ఇల్లు ఐదో అంతస్తులో. లిఫ్టు లేదు, ఉంటుందని ఎవరూ అనుకోరు కూడా. నాలుగు నెలల్లో నా మోకాళ్ళు నాకంటే బాగా చదువుకున్నాయి.

ఆ ఊరి పాత మేడల ముందు ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతూ ఉంటుంది. తాడు చివర ఒక పెద్ద క్లిప్పో, గుడ్డ సంచో. పైన బాల్కనీ చువ్వకి చిన్న గంట. పేపరు వేసేవాడైనా, టిఫిను అమ్మే ఆమైనా, చుట్టాలైనా కింద నించుని తాడు లాగితే పైన గంట మోగుతుంది. పైవాళ్ళు తొంగిచూసి సంచి పైకి లాక్కుంటారు, లేదా అందులో తాళంచెవి పెట్టి కిందకి దింపుతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటి రోజు మాత్రం ఆరు తాళ్ళలో నా చేతికి దగ్గరగా ఉన్నది లాగి, దిగిన సంచిలో నా యూనివర్సిటీ పరిచయపత్రం పెట్టేశాను. అది మూడో అంతస్తు తాడు. అక్కడ ఊ టిన్ గారని రిటైరైన స్కూలు మాస్టారు ఉంటారు. ‘ఊ’ అంటే మన ‘గారు’ లాంటిదే, దానికి నేను మళ్ళీ ఇంకో గారు తగిలించాను. ఆయన ఆ కాగితం చదివి, సంతకం పెట్టి, తేదీ వేసి మరీ పైకి పంపించారు.

“ఏటమ్మా, మాస్టారి సంచీలో నీ కాయితాలు ఏసేసినావంట! అద్దాలెట్టుకుని మొత్తం సదివేసినాడు ఆ పెద్దమనిషి. మా ఇంటికి నువ్వొచ్చినట్టు నాకన్నా ముందు ఆయనకే తెలిసినాది,” అని ఇంటావిడ పడీపడీ నవ్వింది. ఆవిడ్ని అందరూ మామ్మ అంటారు. కాగితాల మీద బర్మా పేరు డా మ్యా, ఇంట్లో అప్పలనరసమ్మ. వాళ్ళ తాత రేవులో బస్తాలు మోయడానికి మన తీరం నుంచి వచ్చినవాడు. మామ్మతో ఉండేది మనవరాలు గౌరి ఒక్కతే. ఇరవై ఒక్కేళ్ళు. చౌక్తడాలో కోర్టుల దగ్గర ఒక లాయరు ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఆమె పేరు మా తండా. అమ్మానాన్నలు మాండలేలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

నేను తప్పు చేసింది నాలుగో రోజున. కరెంటు వచ్చినప్పుడే మోటారు వేసి నీళ్ళు పట్టుకోవాలి, ఆ టైము రోజూ మారుతుంది. ఆ సంగతి గౌరి అన్నం తింటూ నాకు తెలుగులో చెప్పబోయింది. పొడుగాటి వాక్యం. మా జిల్లా తెలుగూ, బర్మా మాటలూ, ఆఫీసు ఇంగ్లీషూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడిచాయి అందులో. నాకు ఆనందం పట్టలేక నవ్వు వచ్చేసింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఫోను తీసి, “మళ్ళీ అను, మళ్ళీ అను, రికార్డు చేసుకుంటాను,” అన్నాను. ఆమె అనకపోతే, ఆమె గొంతుని అనుకరిస్తూ ఆ వాక్యం నేనే అని వినిపించాను. గౌరి కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నాతో ఇంగ్లీషే. మర్యాదగా, నవ్వుతూనే, ఒక్క తెలుగు మాట లేకుండా.

దానికన్నా నన్ను కుంగదీసింది రెండు వారాల తర్వాత మామ్మ అన్న మాట. గౌరి ఆఫీసుకి వెళ్ళాక, వెల్లుల్లి ఒలుస్తూ అంది. “నువ్వొచ్చేక ఈ గుంట నాతోటి కూడా బర్మాలోనే మాటాడతంది. నానేటంటాను? బర్మా నాకు రాదేటి? పుట్టింది ఇక్కడే కదా. కానీ మరి మన మాట మాటాడ్డానికి నాకీ ఇంట్లో ఇంకెవులున్నారు?” ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తెలుగు వినడానికి సముద్రం దాటి వచ్చి, ఆ ఇంట్లో ఉన్న కాస్త తెలుగు నోరూ నేనే మూయించానని నాకప్పుడు అర్థమైంది. సెమిస్టరు అయ్యేలోపు ఆ నోరు మళ్ళీ తెరుచుకోకపోతే, నేను వెళ్ళాక మామ్మ ఎవరితో మాట్లాడుతుంది?

రోజులు మాత్రం బాగానే గడిచాయి. పొద్దున్న ఆరున్నరకి మొహింగా అమ్మే ఆమె తాడు లాగుతుంది. మొహింగా అంటే చిక్కటి చేపల పులుసులో బియ్యపు సేమ్యా, పైన కొత్తిమీర, నిమ్మరసం. నేను కిందకే వెళ్ళి చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని తినేదాన్ని. నా బర్మా విని ఆమె, “నువ్వు మాట్లాడకు, వేలితో చూపించు,” అని రోజూ ఏడిపించేది. నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదని ఆలోచిస్తే, ఆమె నా మాటని అనుకరించి చూపించలేదు, అంతే తేడా. ఎనిమిదింటికి బస్సెక్కితే కాలేజీకి ముప్పావు గంట. సాయంత్రం చౌక్తడాలో దిగి పాత తెల్లదొరల కాలపు మేడల మధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. ఆ నడకకి అరగంట చాలు, టాక్సీ దండగ.

చివరి ఆదివారం మామ్మ మమ్మల్నిద్దర్నీ ఇన్సేన్ పంపించింది. అక్కడ రైల్వే వర్క్‌షాపుల దగ్గర ఆవిడ చెల్లెలు ఉంటుంది. ఆమెకి పచ్చడి సీసా ఇచ్చి రావాలి. ఊరి చుట్టూ తిరిగే రైలు పెద్ద స్టేషన్లో ఎక్కితే గంటలో ఇన్సేన్. టికెట్టు ఖర్చు లెక్కలోకి రాదు, కానీ పొద్దున్నే వెళ్ళండి, తర్వాత నించోవాలి. ఆ చిన్న మామ్మ తెలుగులో కబుర్లన్నీ అడిగింది. గౌరి అన్నింటికీ బర్మాలోనే జవాబు చెప్పింది. “ఏటైనాది దీనికి? మొన్నటిదాకా బాగానే వాగేది కదా?” అని ఆమె నన్ను అడిగింది. నేను తల వంచుకుని పకోడీ తిన్నాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని గౌరికి నా కథ చెప్పేశాను. ఆరేళ్ళ కిందట హైదరాబాదు హాస్టల్లో నేను మొదటిసారి ‘ఏటి’ అన్నప్పుడు గదిలో నలుగురూ విరగబడి నవ్వారు. వసంత అన్న పేరు వదిలేసి నెల రోజులు నన్ను ‘ఏటి’ అనే పిలిచారు. అప్పుడు మా ఇంటి మాట మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి పుస్తకాల్లో రాసే తెలుగు మాట్లాడ్డం మొదలెట్టాను. ఇప్పుడు మా అమ్మతో ఫోన్లో కూడా అదే వస్తోంది, ఆవిడ నొచ్చుకుంటోంది. “అంత పడ్డదాన్ని, నీ దగ్గరికొచ్చి అదే చేశాను. నాకు బుద్ధి లేదు. నన్ను క్షమించకపోయినా సరే, మామ్మతో మాత్రం మాట్లాడు,” అన్నాను. గౌరి ఇంగ్లీషులోనే పర్వాలేదు అంది. పర్వా ఉందని ఆ మాటలోనే తెలుస్తోంది.

బయల్దేరే రోజు వచ్చింది. రాత్రి ఏడింటికి విమానం, మూడింటికి టాక్సీ చెప్పాను. ముందురోజు సాయంత్రం మామ్మ నా పాస్‌పోర్టు అడిగి తీసుకుని, పైడితల్లి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరు ప్రయాణం చేసినా కాగితాలు ఒక రాత్రి అమ్మవారి దగ్గర ఉండాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నం మామ్మ నాకు పులిహోర పొట్లం కట్టింది, కళ్ళు తుడుచుకుంది, నావీ తుడిచింది. ఈ హడావిడిలో పటం ముందున్నది ఇద్దరమూ మర్చిపోయాం. “నా మోకాళ్ళు కిందికి రానేవు గానీ, ఎల్లిరా అమ్మా,” అంది. గౌరి ఒక పెట్టె మోసుకుంటూ ఐదంతస్తులూ దిగి, నన్ను గట్టిగా కావలించుకుని పైకి వెళ్ళిపోయింది. డ్రైవరు కో జా, అంటే మన లెక్కలో జా అన్నయ్య, పెట్టెలు సర్ది, తలుపు వేసి, బండి స్టార్టు చేశాడు.

అప్పుడు పైన గంట మోగింది. కింద నుంచి ఎవరో లాగితే మోగినట్టు కాదు, పైన చేత్తో పట్టుకుని ఊపేసినట్టు. వెనకే ఒక కేక, గౌరిది.

“ఓలప్పా! వసంతప్పా! ఖణ, ఖణ, ఆగే! పాసుపోర్టు అమ్మోరి కాడ ఒగ్గీసి ఎటెల్లిపోతన్నావే? దిమాకు లేదేటి నీకు! బండి ఆపమను!”

‘అప్ప’ అంటే మా వైపు అక్క, ‘ఖణ’ అంటే బర్మాలో కాసేపాగు అని. ‘దిమాకు’ అన్న మాట నేను హైదరాబాదు నుంచి మోసుకొచ్చినది, ఎప్పుడు ఏరుకుందో. కొట్ల వాళ్ళు, రిక్షా వాళ్ళు, మూడో అంతస్తులో ఊ టిన్ గారు, అందరూ తలెత్తి చూశారు. గౌరి సిగ్గుపడలేదు. బాల్కనీ చువ్వల మీదకి వంగి ఇంకా తిడుతూనే తాడు దింపుతోంది. నేను దిగి పరిగెత్తాను. సంచిలో నా పాస్‌పోర్టు, అట్ట మీద మామ్మ వేలితో పెట్టిన కుంకుమ.

“నాను సూసుకోనేదే గుంటా!” అని వీధి మధ్యలో నించుని అరిచాను. ఆరేళ్ళుగా నా నోట్లోంచి రాని గొంతు అది. “మామ్మతోటి మాటాడతావా మరి?”

“నువ్వు బేగి ఎల్లు ముందు! ఇమానం ఎల్లిపోద్ది!” అని పైనుంచి అరిచింది. ఆ వెంటనే లోపలికి తిరిగి, “ఓలి మామ్మా, ఇలా రాయే, దాని మొకం సూద్దువుగాని!” అని పిలిచింది. మామ్మ తల కూడా చువ్వల మీద కనిపించింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బండి కదిలాక కో జా అద్దంలోంచి, “ఏం భాష అది?” అని అడిగాడు. “మా ఇంటి భాష,” అన్నాను.

వియన్నా వెళ్ళిన స్నేహితులు ఫోటోలు చూపిస్తున్నారు, చాలా బాగున్నాయి, నిజంగా. నా దగ్గర మిగతా తెలుగు ఇళ్ళల్లో చేసిన నలభై గంటల రికార్డింగులున్నాయి. మా ప్రొఫెసరు మెచ్చుకున్నారు. కానీ ఆ సెమిస్టర్ మొత్తంలో నేను విన్న అతి మంచి తెలుగు నా ఫోన్లో లేదు. అప్పుడు నా రెండు చేతులూ తాడు పట్టుకుని ఉన్నాయి. ఫోను తియ్యాలన్న ఆలోచనే రాలేదు, రానందుకు నాకు సంతోషంగా ఉంది. హైదరాబాదులో దిగగానే అమ్మకి ఫోన్ చేసి “ఏటే అమ్మా, ఏటి సేస్తన్నావు?” అన్నాను. అటువైపు నుంచి అమ్మ, “వచ్చీసినావా,” అంది.

వెళ్ళేవాళ్ళకి చివరగా ఒక్క సలహా. యాంగోన్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో దిగితే, తిరిగి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టు కోసం బ్యాగులో కాదు, ముందు దేవుడి పటం దగ్గర వెతుక్కోండి.